జిరా కోర్సుకు డబ్బు కట్టొద్దు, ముందు ఒక బగ్ రాయండి

ప్రశ్న: మాది గుంతకల్లు. అనంతపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాను. బెంగళూరులో టెస్టింగ్ ట్రెయినీ ఉద్యోగానికి మూడు వారాల్లో ఇంటర్వ్యూ ఉంది. ప్రకటనలో జిరా, బగ్‌జిల్లా, డిఫెక్ట్ లైఫ్ సైకిల్ తెలిసి ఉండాలని రాశారు. నాకవి పేర్లు తప్ప ఏమీ తెలీవు. సివియారిటీ, ప్రయారిటీ తేడా ఎన్నిసార్లు చదివినా కలిసిపోతున్నాయి. ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు జిరా కోర్సుకు ముప్ఫై వేలు అడుగుతున్నారు. నాన్నకు చిన్న కిరాణా కొట్టు. అప్పు చేసైనా కడతానంటున్నారు. కట్టమంటారా? డిగ్రీలో హాస్టల్ మెస్ బిల్లు వెబ్‌సైట్ ప్రాజెక్టు చేశాను, అది తప్ప అనుభవం లేదు.

జవాబు: కట్టకండి. ముందు నాన్నగారికి ఆ మాట చెప్పేసి రండి, తర్వాత మిగతాది చదువుకోవచ్చు.

జిరా అంటే నెలల తరబడి నేర్చుకునే విద్యేమీ కాదు, సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పులను, అంటే బగ్‌లను, రాసుకునేందుకు బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక రిజిస్టరు. జీమెయిల్ వాడటం నేర్పినందుకు మీరెవరికైనా ఫీజు కట్టారా? పదిమంది లోపు బృందానికి జిరా ఉచితంగానే ఇస్తారు. అలాంటి రిజిస్టర్లే అయిన బగ్‌జిల్లా, మాంటిస్ అయితే ఓపెన్ సోర్స్, ఎంతమంది వాడుకున్నా పైసా అక్కర్లేదు. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లకు కూడా ఏ బటన్ ఎక్కడుందో మీ నోట వినాలని ఉండదు, అది మొదటి వారంలో వాళ్లే చూపిస్తారు. వాళ్లు చూసేది వేరు. ఒక తప్పు కనబడితే, దాన్ని మీ పక్కన లేని మనిషికి, మళ్లీ మీకు ఫోన్ చేయాల్సిన పని లేకుండా రాసి చెప్పగలరా? ఆ వ్యవస్థలో ఉన్న మాటలన్నీ ఈ ఒక్క పని కోసమే పుట్టాయి. డెఫినిషన్లు బట్టీ పట్టినంతకాలం అవి కలిసిపోతూనే ఉంటాయి. ఒక బగ్ మీ చేత్తో రాస్తే విడివడతాయి.

అందుకే మీ మెస్ బిల్లు ప్రాజెక్టునే తీసుకుందాం. అనుభవం లేదని రాశారు గాని, ఈ పనికి అది సరిపోతుంది.

సెలవు పెట్టిన రోజులు తీసేసి, మిగిలిన రోజులకు రోజుకు 90 రూపాయల చొప్పున బిల్లు వేస్తుందనుకోండి. సెలవు ఏ నెలలో మొదలైతే ఆ నెల బిల్లులోనే అన్ని రోజులూ తీసేస్తారు. ఒకమ్మాయి 29 డిసెంబర్ 2025న ఊరెళ్లి 3 జనవరి 2026న తిరిగొచ్చింది. తిరిగొచ్చిన రోజు సెలవు కాదు కాబట్టి 5 రోజులు పోగా 26 రోజులకు 2,340 రూపాయలు రావాలి. వెబ్‌సైట్ మాత్రం 35,190 చూపించింది. ఎందుకో చూడండి. కోడ్ రాసినవాళ్లు తేదీని 'సంవత్సరంలో ఎన్నో రోజు' అని మార్చి తీసివేశారు. డిసెంబర్ 29 అంటే 363వ రోజు, జనవరి 3 అంటే 3వ రోజు. సెలవు మైనస్ 360 రోజులైంది, డిసెంబర్ 31 రోజుల్లోంచి దాన్ని తీసేసరికి తిన్న రోజులు 391 అయ్యాయి. మీ ప్రాజెక్టులో ఈ తప్పు ఉందని అనడం లేదు, కానీ తేదీలతో లెక్కలేసే ప్రాజెక్టుల్లో ఏడాది మారేచోట ఒకసారి నొక్కి చూడటం మంచిది.

చాలామంది కొత్తవాళ్లు దీన్ని 'మెస్ బిల్లు తప్పుగా వస్తోంది, దయచేసి చూడండి' అని రాసి ఊరుకుంటారు. అందుకున్న డెవలపర్ తన బిల్లు తెరిచి చూస్తాడు, సరిగ్గానే ఉంటుంది. అంతే, మూసేస్తాడు. మీరైతే ఇలా రాయాలి. శీర్షికలో, అంటే సమ్మరీలో: 'సెలవు డిసెంబర్‌లో మొదలై జనవరిలో ముగిస్తే మెస్ బిల్లు 391 రోజులకు వస్తోంది'. ఆ కింద స్టెప్స్ టు రీప్రొడ్యూస్, అంటే ఆ తప్పును మళ్లీ రప్పించే మెట్లు: విద్యార్థి ఖాతాతో లాగిన్ కావాలి, సెలవు పేజీలో 29-12-2025 నుంచి 03-01-2026 ఇవ్వాలి, డిసెంబర్ బిల్లు తెరవాలి. ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్: 2,340. యాక్చువల్ రిజల్ట్: 35,190. ఎన్విరాన్‌మెంట్: ఏ బ్రౌజర్, ఏ వెర్షన్, ఫోనా కంప్యూటరా. ఒక స్క్రీన్‌షాట్ అటాచ్‌మెంట్. 'డిసెంబర్‌లోనే మొదలై డిసెంబర్‌లోనే ముగిసే సెలవుకు బిల్లు సరిగ్గా వస్తోంది' అని ఇంకో వాక్యం కలిపారా, డెవలపర్ పని సగం మీరు చేసిపెట్టినట్టే. బగ్ రాసిన మీరు రిపోర్టర్, సరిచేయాల్సిన మనిషి అసైనీ, అది సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగానిదో చెప్పేది కాంపొనెంట్. వీటి గురించి ఇంతకంటే చదవాల్సింది లేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఏడిపిస్తున్న జంట దగ్గరికొద్దాం. నష్టం ఎంత అనేది సివియారిటీ. ఎంత తొందరగా సరిచేయాలి అనేది ప్రయారిటీ. పై బగ్ మార్చిలో దొరికిందనుకోండి. డబ్బు లెక్క తప్పుతోంది కాబట్టి సివియారిటీ ఎక్కువే, కానీ మళ్లీ డిసెంబర్ దాకా ఎవరికీ తగలదు, ప్రయారిటీ తక్కువ. అదే బగ్ డిసెంబర్ 26న దొరికితే సివియారిటీ అంగుళం కూడా మారదు, ప్రయారిటీ మాత్రం నెత్తికెక్కుతుంది. దీనికి తిరగేసి, రసీదు మీద కాలేజీ పేరులో ఒక అక్షరం తప్పు పడిందనుకోండి. లెక్కకేం నష్టం లేదు, సివియారిటీ ట్రివియల్, అంటే అత్యల్పం. రేపు ఉదయం ప్రిన్సిపల్ చేతుల మీదుగా సైటు ప్రారంభం అంటే మాత్రం ఈ రాత్రికే సరిచేయాలి. సాధారణంగా సివియారిటీ చెప్పేది టెస్టర్. ప్రయారిటీ తేల్చేది టీమ్ లీడో, ఏ పని ముందు చేయాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనరో. కొత్త బగ్‌లన్నీ ముందేసుకుని ఏది ఇప్పుడు, ఏది తర్వాత, ఏది అసలొద్దు అని తేల్చే సమావేశమే ట్రయాజ్. ఇంటర్వ్యూలో ఈ 'ఎవరు తేలుస్తారు' అనే ముక్క కూడా చెప్పండి, చాలామంది చెప్పరు.

మన తెలుగువాళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణ ఒకటుంది, ఇంటర్వ్యూలో అడిగితే వాడుకోండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో 'జ్ఞా' అనే అక్షరం ఉన్న మెసేజ్ తెరిస్తే యాప్ కుప్పకూలిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే యాప్ కాదు, హోమ్ స్క్రీనే పడిపోయేది. అప్పుడు నడుస్తున్న వెర్షన్ ఐఓఎస్ 11.2.5. అసలు కిటుకు ఏమిటంటే, మనం మామూలుగా టైపు చేసే జ్ఞానం, విజ్ఞానం వంటి మాటలతో ఆ గొడవ రాదు. జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉంటేనే వస్తుంది. 'తెలుగు జ్ఞా రాస్తే ఫోన్ పడిపోతోంది' అని రిపోర్ట్ వెళ్లిందనుకోండి. డెవలపర్ తన ఫోన్లో జ్ఞానం అని కొడతాడు, ఏమీ కాదు. 'నా దగ్గర బాగానే పనిచేస్తోంది' అని మూసేస్తాడు. ఆ మెసేజ్‌లోని అక్షరాలను ఉన్నవున్నట్టు ఫైలుగా అటాచ్ చేస్తేనే బగ్ బయటపడుతుంది. స్టెప్స్ టు రీప్రొడ్యూస్‌కు అంత విలువ ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

ప్రయారిటీ సంగతి కూడా ఇందులోనే ఉంది. ఏదో ఒక భాషలో, అదీ అరుదుగా పడే ఒక అక్షరం, తర్వాత చూద్దాం అనుకోవచ్చు. కానీ తెలుగు రాని మనిషి కూడా దాన్ని కాపీ చేసి ప్రపంచంలో ఎవరికైనా పంపొచ్చు, ఆకతాయిలు పంపారు కూడా. తర్వాత రావాల్సిన 11.3 బీటాలో, అంటే విడుదలకు ముందు పరీక్షించడానికిచ్చే కాపీలో, ఆ తప్పు అప్పటికే లేదు. అయినా ఆపిల్ దానికోసం ఆగలేదు, ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. 'వచ్చే వెర్షన్‌లో పోతుందిగా' అన్న మాటను ప్రయారిటీ తోసేసిందన్నమాట. బగ్ ఏ విడుదలకల్లా సరికావాలో రాసే గడిని బగ్‌జిల్లాలో టార్గెట్ మైల్‌స్టోన్ అంటారు, జిరాలో ఫిక్స్ వెర్షన్ అంటారు.

ఇక లైఫ్ సైకిల్, అంటే బగ్ దొరికిన దగ్గర్నుంచి మూసేదాకా దాటే దశలు. గూగుల్‌లో దొరికే బాణాల బొమ్మను కంఠస్థం చేయకండి, ఏ కంపెనీ బొమ్మ దానిదే. బగ్ ఇప్పుడు ఎక్కడుందో చెప్పేది స్టేటస్. దాని కథ ఎలా ముగిసిందో చెప్పేది రిజల్యూషన్. బగ్‌జిల్లాలో కొత్తగా వచ్చింది అన్‌కన్ఫర్మ్‌డ్, నిజమని తేలితే కన్ఫర్మ్‌డ్, పని మొదలైతే ఇన్ ప్రోగ్రెస్, డెవలపర్ తన వంతు ముగిస్తే రిజాల్వ్‌డ్, టెస్టర్ మళ్లీ చూసి ఔనంటే వెరిఫైడ్. రిజాల్వ్‌డ్ అనగానే సరైపోయిందని అనుకోవద్దు, చిక్కంతా ఇక్కడే. రిజల్యూషన్ గడి చూడాలి. ఫిక్స్‌డ్ అని ఉంటే సరిచేశారు. డూప్లికేట్ అంటే మీకంటే ముందే ఎవరో రాశారు, అందుకే కొత్తది రాసేముందు వెతకాలి. వర్క్స్‌ఫర్‌మీ అంటే వాళ్ల దగ్గర ఆ తప్పు రాలేదు. ఇన్‌వాలిడ్ అంటే అది తప్పే కాదు, దాని పద్ధతే అంత. వోంట్‌ఫిక్స్ అంటే తప్పే, కానీ సరిచేయం. ఈ చివరిదాన్ని చూసి కొత్త టెస్టర్లు మనసు కష్టపెట్టుకుంటారు. అక్కర్లేదు. తీసేయబోతున్న పేజీకి మరమ్మతు ఎవరు చేస్తారు? వర్క్స్‌ఫర్‌మీ అని మూసిన బగ్ మీకు ఇంకా కనబడుతుంటే మాత్రం కొత్త వివరం జతచేసి రీఓపెన్ చేయండి. వివరం లేకుండా రీఓపెన్ చేస్తే అది ఉత్త పోట్లాట.

రిగ్రెషన్ అనే మాట కూడా తప్పకుండా అడుగుతారు. నిన్నటి వెర్షన్‌లో బాగా పనిచేసింది ఇవాళ్టి మార్పుతో చెడితే అది రిగ్రెషన్.

పనిముట్ల మధ్య తేడాలు కొన్ని తెలిసుంటే చాలు. బగ్‌జిల్లా 1998లో మొజిల్లా ప్రాజెక్టు కోసం టెర్రీ వైస్‌మన్ రాసింది. జిరా 2002లో ఆస్ట్రేలియా కంపెనీ అట్లాసియన్ తెచ్చింది. జిరాలో బగ్ ఒక్కటే ఉండదు. టాస్క్ (చేయాల్సిన పని), స్టోరీ (వాడేవాళ్లకు కావాల్సిన ఒక సౌకర్యం), ఎపిక్ (అలాంటివి కొన్ని కలిసిన పెద్ద పని) అన్నీ ఒకే రిజిస్టరులో నడుస్తాయి, అందుకే ఆఫీసంతా దాన్నే తెరుచుకుని కూర్చుంటుంది. ఇంకో సంగతి: జిరాలో ప్రయారిటీ గడి ముందే ఉంటుంది, సివియారిటీ గడి ఉండదు. కావాలంటే కంపెనీ సొంతంగా పెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో రెండింటి తేడా చెబుతూ ఈ మాట అన్నారంటే, ఈ పిల్ల నిజంగా తెరిచి చూసిందని వాళ్లకు అర్థమవుతుంది.

కాబట్టి ఈ మూడు వారాలు ఇలా గడపండి. జిరా ఉచిత ఖాతా తెరిచి, మీ మెస్ బిల్లు సైటులో మీకే దొరికిన తప్పులు పదో పదిహేనో అందులో ఎక్కించండి. మీతో ప్రాజెక్టు చేసిన స్నేహితురాలిని అసైనీగా పెట్టండి. ఆమె సరిచేశానంటే మీరు మళ్లీ పరీక్షించి మూయండి, లేదా తిరిగి తెరవండి. ఇద్దరూ ఒకసారి వాదులాడుకుంటే మరీ మంచిది, ట్రయాజ్ అంటే ఏమిటో అప్పుడు బాగా ఎక్కుతుంది. రోజూ ఒక అరగంట మొజిల్లావాళ్ల బగ్‌జిల్లా తెరిచి చదవండి. ఫైర్‌ఫాక్స్ బగ్‌లు, వాటి కింద నడిచే చర్చలు దాదాపు అన్నీ బహిరంగమే. భద్రతకు సంబంధించినవి మాత్రం సరిచేసేదాకా దాచిపెడతారు. ఏ రిపోర్ట్‌కు వెంటనే జవాబొచ్చిందో, దేన్ని ఇంకా వివరాలు కావాలని వెనక్కి పంపారో గమనించండి. కోర్సులో చెప్పే పాఠం కంటే ఇది మేలని నా నమ్మకం.

టెస్టర్లు పరీక్ష రాసి తెచ్చుకునే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ సర్టిఫికెట్ గురించి మీరు అడగలేదు గాని, ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు తర్వాత దాన్నీ అంటగడతారు. 40 ప్రశ్నలు, గంట సమయం, 26 మార్కులొస్తే పాస్. సిలబస్ వాళ్ల సైటులో ఉచితంగా దొరుకుతుంది, మీ అంతట మీరే చదువుకోవచ్చు. పరీక్ష ఫీజు మాత్రం ఉద్యోగం వచ్చాక మీ జీతంలోంచి కట్టుకోండి. చాలా కంపెనీలు తిరిగి ఇస్తాయి కూడా, చేరాక అడిగి చూడండి.

రెజ్యూమెలో 'జిరాలో నిపుణురాలు' అని రాయొద్దు, మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. 'సొంత ప్రాజెక్టులో ఇన్ని బగ్‌లు జిరాలో నమోదు చేసి, పరీక్షించి మూశాను' అని నిజంగా ఎన్ని రాశారో ఆ అంకె వేయండి. అందులో మీకు బాగా వచ్చిన బగ్ ఒకటి ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకెళ్లండి. వాళ్లు అడగకపోయినా, 'చూపించమంటారా?' అని మీరే అడగండి.