టెక్ సందేహాలు: టీవీఆర్ స్పీడ్ 12 అసలు శక్తి ఎంత?

ప్రశ్న: చిన్నప్పుడు వీడియో గేమ్‌లో నడిపిన టీవీఆర్ సెర్బెరా స్పీడ్ 12 కారు గురించి ఈమధ్య నెట్‌లో వెతికాను. ఒకచోట 800 హార్స్‌పవర్ అని, మరోచోట 960 అని, ఇంకోచోట 973 అని ఉంది. వీటిలో ఏది సరైనది? అంతటి కారును ఎందుకు అమ్మలేదు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇంజిన్ మొత్తాన్ని కొలిచి తేల్చిన అంకె వీటిలో ఒక్కటీ లేదు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో కార్లు తయారుచేసిన టీవీఆర్ సంస్థ, స్పోర్ట్స్ కార్లు పోటీపడే జీటీ1 తరగతి రేసుల కోసం ‘ప్రాజెక్ట్ 7/12’ పేరుతో మొదలుపెట్టి, 1996లో బర్మింగ్‌హామ్ మోటార్ షోలో ప్రదర్శించిన కారు ఇది. 7.7 లీటర్లు, 12 సిలిండర్లు అన్న గుట్టు ఆ పేరులోనే ఉంది. తమ ఆరు సిలిండర్ల ఇంజిన్లు రెండింటిని ఒకే క్రాంక్‌షాఫ్ట్‌కు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసుకు) కలిపినట్టుగా దీన్ని రూపొందించారు.

ఇంజిన్ శక్తిని కొలిచే డైనమోమీటర్, తిరిగే షాఫ్ట్‌కు బ్రేకులా అడ్డుపడి, ఎంత బలంతో అడ్డుకోవలసి వచ్చిందో, అప్పుడు ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంతో (నిమిషానికి ఎన్ని చుట్లు) తిరుగుతోందో చూసి లెక్క కడుతుంది. టీవీఆర్ వారు చెప్పిన ప్రకారం, 1,000 హార్స్‌పవర్ వరకు తట్టుకోవలసిన యంత్రానికి ఈ ఇంజిన్‌ను బిగిస్తే, ఆ యంత్రం షాఫ్టే విరిగిపోయింది. దాంతో ఒక్కో వైపు ఆరు సిలిండర్లను విడిగా పరీక్షించగా 480 చొప్పున వచ్చింది. 960 అన్నది ఆ రెండింటి కూడిక. నమ్మదగిన అంచనాయే గాని, దాన్ని కొలత అనడానికి నాకు మనసొప్పదు. ఇక 973 వేరే అంకె కాదు. బ్రిటిష్ హార్స్‌పవర్ 745.7 వాట్లు, యూరప్‌లో వాడే పీఎస్ 735.5 వాట్లు కాబట్టి, 960నే పీఎస్‌లోకి మార్చి రాశారు.

జీటీ1 నిబంధనలు మారిపోవడంతో రేసు కారును శక్తి తగ్గించి జీటీ2 తరగతిలో దింపారు. జనానికి అమ్మాలనుకున్న రోడ్డు కారు కథను ముగించింది మాత్రం సంస్థ యజమాని పీటర్ వీలరే. ఒకరోజు దాన్ని ఇంటిదాకా నడుపుకుంటూ వెళ్లిన ఆయన, సుమారు టన్ను బరువున్న కారుకు ఇంత శక్తి రోడ్డు మీద పనికిరాదని తేల్చి, కొనుగోలుదారుల అడ్వాన్సులు వెనక్కి ఇప్పించేశారు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), ఎయిర్‌బ్యాగులు అక్కరలేదని వాదించే మనిషే వెనక్కి తగ్గాడంటే ఆ కారు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. తర్వాత రోడ్డు కోసం సిద్ధం చేసిన ఒకే ఒక్క కారును, కొనేవారితో స్వయంగా మాట్లాడాకే అమ్మారు.

ప్రశ్న: ఫోన్ యాప్‌తో నా కారు హార్స్‌పవర్ కొలవవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: యాప్ కొలిచేది వేగాన్ని, అది పెరిగే తీరును మాత్రమే, శక్తిని లెక్కకట్టడానికి కావలసిన బరువు మాత్రం మీరు యాప్‌లో రాసిందే తీసుకుంటుంది. 1,100 కిలోల ఖాళీ కారు బరువు వేసి, 70 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే, ఫలితం అసలు శక్తి కంటే దాదాపు ఐదో వంతు తక్కువగా వస్తుంది.