సర్వర్ మన గడ్డ మీదుంటే ఆధార్ మనదైనట్టేనా?

"ఆధార్ డేటా అంతా బెంగళూరు, మానేసర్ డేటా సెంటర్లలోనే ఉంది కదా, లోపల సాఫ్ట్‌వేర్ విదేశీ కంపెనీలదైతే మనకొచ్చే నష్టమేంటి?" అన్నది ప్రశ్న. నష్టం ఉంది. పెట్టె ఎవరింట్లో ఉందో చూసి ధైర్యం తెచ్చుకుంటున్నాం, తాళంచెవి సంగతి అడగట్లేదు.

హనుమకొండలోనో జనగామలోనో ఏదో ఒక మినీ బ్యాంకు బల్ల చూడండి. వేలిముద్ర స్కానర్ నడిపేవాళ్లు సొంత డబ్బుతో కొన్నదే. కేబుల్ బాగుంది, లైటు వెలుగుతోంది. "అవ్వా, వేలు తుడ్సుకొని మళ్ల పెట్టు" అని నాలుగుసార్లు పెట్టించినా తీసుకోదు. వేలు తప్పేం లేదు, స్కానర్‌ను ఆధార్‌తో కలిపే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీస్ గడువు అయిపోయింది. ప్రతి స్కాన్ మీద పడే డిజిటల్ సంతకానికి కావాల్సిన కీ, తయారీ కంపెనీ సర్వర్ నుంచి రావాలి. పాత ఎల్0 రకం స్కానర్లలో ఎన్‌క్రిప్షన్ (ముద్రను ఎవరూ చదవలేకుండా మూసేయడం) కంప్యూటర్‌లో జరిగేది, ఎల్1 రకంలో స్కానర్‌లోని చిప్‌లోనే జరుగుతుంది. ఎల్1 ఎంతో మేలు, కానీ రెండింటికీ ఆ కీ కావాల్సిందే. రెన్యువల్ కడితే అదే యంత్రం అదే బల్ల మీద మళ్లీ పనిచేస్తుంది. వస్తువు మనది, అనుమతి ఇంకొకరిది. దేశం స్థాయిలో జరిగేదీ ఇదే.

2010లో ఆధార్‌లో ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకుండా పోల్చి చూసే పనికి ముగ్గురిని ఎంచుకున్నారు: యాక్సెంచర్, అమెరికాకు చెందిన ఎల్-1 ఐడెంటిటీ సొల్యూషన్స్ (పైన చెప్పిన ఎల్1 స్కానర్ రకం వేరు, ఈ కంపెనీ వేరు), మహీంద్రా సత్యం–మోర్ఫో కూటమి. ఒక్కరి మీదే ఆధారపడకూడదని, బాగా చేసినవాళ్లకు ఎక్కువ పని ఇవ్వాలని పెట్టిన మంచి పద్ధతి అది. అయితే మోర్ఫో అప్పటికే ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్రాన్‌ది. 2011లో అదే సాఫ్రాన్ ఎల్-1ను కూడా కొనేసింది. కాగితం మీద ముగ్గురే ఉన్నా, ఇద్దరికి యజమాని ఒక్కడే అయ్యాడు. 2017లో సాఫ్రాన్ ఆ వ్యాపారాన్ని అమెరికా పెట్టుబడి సంస్థ ఆడ్వెంట్‌కు అమ్మేసింది. దాన్ని ఓబెర్థర్‌తో కలిపి ఐడెమియా అని పేరు పెట్టారు. ఒక యజమానితో ఒప్పందం రాసుకుంటే ఏడేళ్లలో అది మూడో యజమాని చేతికి చేరింది. ఈ అమ్మకాల్లో మన ఓటు లేదు. అందుకే ఇలాంటి ఒప్పందంలో నేను ముందు వెతికేది ఒక్క వాక్యం: కంపెనీ చేతులు మారితే ప్రభుత్వానికి బయటపడే హక్కు ఉందా, లేదా.

మనవాళ్లు గట్టిగా చేసిన పనీ చెప్పాలి. నమోదప్పుడు పది వేళ్లు, రెండు కనుపాపలు, ముఖం ఫొటో తీసిన వెంటనే ఆపరేటర్ ల్యాప్‌టాప్‌లోనే ప్యాకెట్ 2048 బిట్ల కీతో మూసుకుపోతుంది. తెరిచే కీ ఆధార్ నడిపే ప్రభుత్వ సంస్థ యూఐడీఏఐ దగ్గరే ఉంటుంది. అసలు బొమ్మలు మన దగ్గర ఉన్నంతకాలం కంపెనీని మార్చుకోవచ్చు. వాటి నుంచి తీసిన టెంప్లేట్ (పోల్చడానికి వాడే గుర్తుల లెక్క) మాత్రమే కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉంటే, మార్చిన రోజు వంద కోట్లమందికి పైగా జనం మళ్లీ వరుసలో నిలబడాల్సిందే.

ఎస్టోనియాను చూడండి. 2017లో అక్కడ దాదాపు 7.5 లక్షల గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం బయటపడింది. కార్డు జెమాల్టోది, చిప్ జర్మనీ ఇన్ఫినియాన్‌ది. సర్టిఫికెట్లు ఆపేశారు, కానీ కార్డు మార్చకుండానే జనం ఇంటి నుంచే అప్‌డేట్ చేసుకునే దారి వేశారు. కొన్నది విదేశీ సరుకే అయినా విప్పి చూసి బాగుచేసే మనుషులు ఇంట్లో ఉన్నారు. ఇక మన దగ్గర, బెంగళూరు ట్రిపుల్ ఐటీలో 2018లో మొదలైన మోసిప్ అనే గుర్తింపు వ్యవస్థ సాఫ్ట్‌వేర్‌ను ఫిలిప్పీన్స్, మొరాకో, ఇథియోపియా వాడుతున్నాయి. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. వేలిముద్రలు పోల్చే ఇంజిన్ మాత్రం దాంట్లో రాదు, వేరే కొనుక్కోవాలి. చిక్కు మళ్లీ అక్కడే.

ఇంత చెప్పాక అసలు బాధ చెప్తాను. ఫ్రాన్స్ గురించి వాదిస్తూ మన పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో బయటపడ్డది మర్చిపోయాం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టిన భూమి దస్తావేజుల్లో వేలిముద్ర, ఆధార్ నంబరు ఒకే కాగితం మీద ఉన్నాయి. ఒక సిమ్ కార్డుల దుకాణంవాడు వాటిని దించుకొని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకిలీ వేళ్లు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. విదేశీ గూఢచారి ఎవరూ రాలేదు. కాగితాన్ని అలా బయట పెట్టింది మనమే. వేలు బతికున్నదా కాదా తేల్చడానికి, గీతల బిందువులతో పాటు వేలి బొమ్మనూ కలిపి చూసే పద్ధతిని యూఐడీఏఐ 2023లో తెచ్చింది.

కాబట్టి ఇవాళ చేయగలిగిన పనులు చేయండి. రేషన్ షాపులోనో బ్యాంకులోనో వేలు పడకపోతే "సర్వర్ లేదు" అంటే ఊరుకోకండి, ఎర్రర్ నంబరు అడగండి. 300 అంటే ముద్ర కలవలేదు, వేరే వేలు పెట్టండి. బీడీలు చుట్టే, గ్రానైటు కోసే చేతులకు ఇది మామూలే, ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. 330 అంటే మీరే లాక్ చేశారు, తెరిస్తే చాలు. 811 అంటే రికార్డులో మీ బయోమెట్రిక్స్ లేవు, నమోదు కేంద్రానికి వెళ్లక తప్పదు.

వేలిముద్రతో డబ్బు తీసే అవసరం లేనివాళ్లు యూఐడీఏఐ మైఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. పని పడ్డప్పుడు తాత్కాలికంగా తెరిస్తే కాసేపటికి దానంతటదే మళ్లీ పడుతుంది. అక్కడే అథెంటికేషన్ హిస్టరీ (మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారన్న జాబితా) నెలకోసారి చూసుకోండి. ఇక జిరాక్స్ షాపుల సంగతి. ఈ-ఆధార్ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపి ప్రింటు తీయించుకుంటారు, ఫైలు ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో నెలల తరబడి పడి ఉంటుంది. పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరూ పుట్టిన ఏడూ తెలిసిన ఎవరైనా తెరవొచ్చు. నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ప్రింటు చేతికి రాగానే "ఆ ఫైలు డిలీట్ చెయ్ తమ్మీ, రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా" అని అక్కడే నిలబడి చేయించండి.