మక్కలో కంది: ఎకరాకు 6 క్వింటాళ్లు తగ్గితే నష్టపోయినట్టేనా?

సందేహం: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. ఎర్ర చల్క, 3 ఎకరాలు. జూన్ ఆఖరులో రెండు సాళ్లు మక్క, ఒక సాలు కంది చొప్పున, సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు పెట్టి, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్ల ఎడంతో విత్తాను. మక్క కోసి 54 క్వింటాళ్లు తూచాను, అంటే ఎకరాకు 18. గట్టు అవతల మా చిన్నాయన ఒట్టి మక్క వేసి ఎకరాకు 24 తీసిండు. ‘కంది పెట్టి మక్కను పోగొట్టుకున్నవ్’ అని ఇంట్లో అందరూ అంటున్నారు. కంది ఇంకా చేన్లోనే ఉంది, పూత మీద ఉంది. బోరు ఒక్క ఎకరానికే పారుతుంది. నిజంగా నష్టపోయానా? రెండు పంటలు కలిసిన చేన్లో పెరుగుదల, దిగుబడి ఎట్ల కొలవాలి? వచ్చే వానాకాలం ఇట్లనే వేయాలా, మానాలా? – ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

సలహా: మీ చేన్లో పంట సగమే ఇంటికొచ్చింది. మిగతా సగం ఇంకా పూత మీదే ఉంది. ఇప్పుడే నష్టం అనేయడం తొందరపాటు. అయితే మీరు రాసిన రెండు అంకెల్లోనే చాలా సంగతి ఉంది, ముందు అది చూద్దాం.

మీ చిన్నాయన చేన్లో ప్రతి సాలూ మక్కే. మీ చేన్లో మూడు సాళ్లలో రెండే మక్క. మొక్కలు మూడింట రెండు వంతులే ఉన్నప్పుడు దిగుబడి కూడా అంతే రావాలి. 24లో మూడింట రెండు వంతులు 16. మీకు 18 వచ్చాయి. అంటే మీ మక్క మొక్క ఒక్కోటి ఆయన మొక్క కంటే సుమారు ఎనిమిదో వంతు ఎక్కువ గింజ ఇచ్చింది. కంది నత్రజని ఇవ్వబట్టే ఇలా అయిందని కొందరు చెబుతారు. అదే పంట కాలంలో కంది నుంచి మక్కకు అందే నత్రజని బహు తక్కువ. ఆ మేలు ఎక్కువగా రాలిన ఆకు, మట్టిలో మిగిలిన వేరు కుళ్లాక తర్వాతి పంటకు దక్కుతుంది. ఈ ఏడు మీ మక్కకు కలిసొచ్చింది వెలుతురు, చోటు. మొదటి రెండు నెలలు కంది నిదానంగా పెరుగుతుంది. ఆ సమయంలో పక్క మక్క సాలుకు ఒకవైపు గాలీ ఎండా ధారాళంగా అందుతాయి.

ఇంకొకటి కూడా అడిగి తెలుసుకోండి. ఆయన 24 క్వింటాళ్లు ఏ తేమ దగ్గర తూచారు? మక్కను 14 శాతం తేమకు సరిచేసి పోల్చాలి. గింజలో 20 శాతం తేమ ఉన్నప్పుడు తూచి ఉంటే ఆ 24ను 80తో గుణించి 86తో భాగించాలి. అప్పుడు 22 క్వింటాళ్ల చిల్లరే నిలుస్తుంది. మీ 18ని కూడా ఇలాగే సరిచేయాలి. పచ్చి గింజ ఒకవైపు, ఎండు గింజ మరోవైపు పెట్టి పోల్చడం వల్లే పల్లెల్లో సగం తగాదాలు వస్తాయి.

ఇప్పుడు కంది. మక్కలో మీకు తగ్గింది 6 క్వింటాళ్లు. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మక్కకు క్వింటాలుకు 2,400 రూపాయలు, కందికి 8,000. ఆ లెక్కన మక్కలో తగ్గిన 14,400 రూపాయలు పూడాలంటే ఎకరాకు 1.8 క్వింటాళ్ల కంది చాలు. కంది విత్తనం, మందు పిచికారీ, కోత కూలీ ఖర్చు దీనికి కలుపుకోండి. మీకు మార్కెట్లో దక్కిన ధర వేరైతే ఆ ధరతోనే లెక్క కట్టండి.

1.8 క్వింటాళ్లు వస్తాయో రావో కోతకు ముందే అంచనా కట్టవచ్చు. ఇందుకు చేన్లో ఒక కొలత గడి వేయాలి. పంట కోత ప్రయోగాల్లో మామూలుగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడి తీస్తారు. ఒంటి పంటకు అది బాగుంటుంది. మీ చేన్లో అది మోసం చేస్తుంది. రెండు మక్క, ఒక కంది కలిపితే 1.8 మీటర్ల వరుస. 5 మీటర్లలో ఆ వరుస సరిగ్గా ఇమడదు. గడి కాస్త అటు జరిగితే కంది మూడు సాళ్లు పడతాయి, ఇటు జరిగితే రెండే. అదే చేను, అదే పంట, లెక్కలో మూడో వంతు కంది మాయమవుతుంది. అందుకే వెడల్పు 5.4 మీటర్లు, పొడవు 5 మీటర్లు పెట్టండి. అందులో కచ్చితంగా తొమ్మిది సాళ్లు పడతాయి: ఆరు మక్క, మూడు కంది. గడి అంచు సాలు మీద కాకుండా రెండు సాళ్ల నడుమ రావాలి. నాలుగు మూలల్లో గూటాలు కొట్టి తాడు లాగాక ఎదురు మూలలు కొలవండి. రెండూ 7 మీటర్ల 36 సెంటీమీటర్లు వస్తే గడి సరిగా ఉన్నట్టు.

ఈ గడికి ఇంకో సౌలభ్యం ఉంది. ఇది 27 చదరపు మీటర్లు. ఇలాంటివి 150 పెడితే దాదాపు ఒక ఎకరం. కాబట్టి గడిలో వచ్చిన కిలోలను ఒకటిన్నరతో గుణిస్తే ఎకరాకు క్వింటాళ్లు వచ్చేస్తాయి.

గడి ఎక్కడ వేయాలన్నది మీ కంటికి వదలకండి. మంచి పంట ఉన్న చోటికే కాళ్లు పోతాయి. జేబులోని నోటు నంబరు చివరి రెండు అంకెలు చూసి, అన్ని అడుగులు గట్టు నుంచి లోపలికి నడిచి అక్కడ వేయండి. గట్టు పక్క సాళ్లు, చెట్టు నీడ వదిలేయండి. ఎకరాకు ఒకటి చొప్పున మూడు గడులు చాలు.

ఇప్పుడు ఒక్కో గడిలో కంది మొక్కలు లెక్కపెట్టండి. మీ ఎడం ప్రకారం 75 ఉండాలి. 1.8 క్వింటాళ్లు రావాలంటే గడికి 1.2 కిలోలు, అంటే మొక్కకు 16 గ్రాముల గింజ. వంద గింజలు 10 గ్రాములు, కాయకు మూడున్నర గింజలు అనుకుంటే మొక్కకు 46 నిండు కాయలు కావాలి. గింజ గట్టిపడే వేళ గడికి పది మొక్కలు, వరుసగా కాకుండా ఏడెనిమిది మొక్కలకొకటి చొప్పున తీసుకుని కాయలు లెక్కించండి. పురుగు తొలిచిన కాయ, తాలు కాయ కలపకండి. ఇప్పుడు పూత మీద ఉంది కాబట్టి కాయ తొలిచే శనగపచ్చ పురుగు, పూతను గూడు కట్టే మరుకా పురుగు కోసం వారానికి రెండుసార్లు తప్పకుండా చూడండి. లెక్క కన్నా ముందు పూత నిలవాలి. సగటున 46 దాటితే మక్కలో పోయింది తిరిగి వచ్చినట్టు, ఆ పైన కాసిన కాయల్లో కంది ఖర్చు పోగా మిగిలేది లాభం. కోత అయ్యాక అదే గడుల కంది విడిగా కొట్టి, ఎండబెట్టి, తూచి అంచనా సరిచూసుకోండి.

నేల ఎంత పని చేసిందో చెప్పే లెక్క ఇంకొకటి ఉంది. కలిపి వేసినప్పుడు వచ్చిన దిగుబడిని ఒంటి పంట దిగుబడితో భాగించి, రెండు పంటల భాగాలనూ కూడాలి. మీ మక్క 18ని 24తో భాగిస్తే 0.75. ఉదాహరణకు మీ కంది ఎకరాకు 3.6 క్వింటాళ్లు వచ్చి, అలాంటి నేలలోనే ఒంటి కంది 6 వస్తుందనుకుంటే 0.60. మొత్తం 1.35. అంటే ఆ రెండు దిగుబడులూ విడివిడిగా తీయాలంటే ఎకరం 14 గుంటలు కావాలి. మీరు ఎకరంలోనే తీశారన్నమాట. ఒకటి కంటే తగ్గితే మాత్రం కలిపి వేసినందుకు ఫలితం లేదు.

కానీ ఇది రోజులను లెక్కలోకి తీసుకోదు, మీ బోరు సంగతి ఇక్కడే ముఖ్యం. మక్క 105 రోజుల్లో నేల వదులుతుంది, కంది 170 రోజులు కూర్చుంటుంది. కాలాన్ని కూడా కలిపితే, 0.75ను 105తో, 0.60ను 170తో గుణించి కూడి 170తో భాగించాలి. 1.35 కాస్తా 1.06కు దిగుతుంది. వానాధారపు రెండు ఎకరాల్లో మక్క పోయాక నేల ఎలాగూ ఖాళీగా ఉంటుంది, కాబట్టి అక్కడ మొదటి లెక్కే సరి. ఆ రెండు ఎకరాల్లో కంది మానకండి. నీళ్లు పారే ఎకరంలో మాత్రం మక్క కోసి యాసంగి పల్లి వేస్తే వచ్చే మిగులు, కంది ఇచ్చే మిగులు పక్కపక్కన పెట్టి చూడండి. పల్లి సమయానికి విత్తగలిగితే ఆ ఎకరానికి ఒట్టి మక్కే మేలని నా అభిప్రాయం.

వచ్చే ఏడు పొరుగు చేనుతో పోల్చవద్దు. విత్తిన రోజు, ఎరువు, నేల లోతు ఏదీ ఒకటి కాదు. మీ చేన్లోనే ఐదు గుంటలు ఒట్టి మక్క, ఐదు గుంటలు ఒట్టి కంది, అదే రకం, అదే రోజు విత్తండి. పెరుగుదల కొలవడానికి మూడు విధాల పంటలోనూ పదేసి మొక్కలకు రంగు గుడ్డ కట్టి, మక్క మోకాలెత్తు దశలో, జల్లు (మగ పూత) వేసినప్పుడు, కోతకు ముందు అవే మొక్కలు కొలవాలి. ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. నీడలో పెరిగిన కంది సన్నగా పొడుగ్గా సాగి మనల్ని మురిపిస్తుంది, కొమ్మలు లెక్కపెడితే అసలు సంగతి బయటపడుతుంది. మక్క ఆకు పొడవును, దాని అతి వెడల్పైన చోటి కొలతతో గుణించి, మళ్లీ 0.75తో గుణిస్తే ఆకు వైశాల్యం. మొక్క ఆకులన్నీ కలిపి 5,000 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒట్టి మక్కలో మొక్కకు దక్కే నేల 1,200, మీ సాళ్లలో 1,800. నేలకు ఎన్ని రెట్లు ఆకు ఉందో చూస్తే అక్కడ 4 దాటుతుంది, ఇక్కడ 3 లోపే. ఆ తేడాలోంచి దిగిన ఎండతోనే కంది బతుకుతుంది.

నలభై రోజులప్పుడు నాలుగు కంది మొక్కలు తడిమట్టితో సహా తవ్వి వేరు బుడిపెలు కోసి చూడండి. లోపల గులాబీ రంగుంటే పని చేస్తున్నట్టు. తెల్లగా ఉంటే మరుసటి ఏడు విత్తనానికి రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజని పట్టే సూక్ష్మజీవి) పట్టించండి, యూరియా కంది సాలు వైపు పడకుండా మక్క మొదట్లోనే వేయండి.