తిరుపతి ఊళ్లో తిరగడానికి బీఎస్-6 డీజిల్ కారు తగినదేనా?

అలిపిరి నుంచి రైల్వే స్టేషన్ దాకా రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే మీకు డీజిల్ కారు నప్పుతుందా, కొత్త ఇంజిన్లు నిజంగానే తక్కువ కాలుష్యం వదులుతాయా అని అడిగారు. తక్కువే వదులుతాయి, అయితే అవి బాగా వేడెక్కిన తరువాతే. మీ ప్రయాణం ఆ వేడి అందేలోపే ముగుస్తుంది. అలాంటి కారును నేను మూడేళ్లు నడిపాను.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 (భారత్ స్టేజ్-6) కాలుష్య ప్రమాణాలతో డీజిల్ కార్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దిగింది. ఇంధనంలో గంధకం కూడా 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) నుంచి 10కి తగ్గింది. మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టరు ఈ కార్లలో తప్పనిసరి భాగమైంది. అందులో పేరుకున్న మసి దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిపోవాలి కనుక, ఇంజిన్ తనంతట తానే కొంత డీజిల్ అదనంగా చిమ్మి పొగ వేడిని పెంచుతుంది. ఆ పని సగంలో ఉండగా మనం ఇల్లు చేరి బండి ఆపేస్తే మసి అలాగే మిగిలిపోతుంది, కాలని డీజిల్ సిలిండరు గోడల వెంట ఇంజిన్ ఆయిల్‌లోకి జారుతుంది.

నాకు జరిగింది అదే. రెండో ఏట డ్యాష్‌బోర్డు మీద ఫిల్టరు హెచ్చరిక దీపం వెలిగింది. ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ కడ్డీ తీసి చూస్తే, తగ్గవలసిన ఆయిల్ గీతకు పైన ఉంది. రేణిగుంట రోడ్డులోని మెకానిక్ ముందు ఆయిల్ మార్చి, "సార్, చిత్తూరు దాకా ఒకే వేగంతో తోలుకొని రాండి" అన్నాడు. దాదాపు డెబ్బై కిలోమీటర్ల ఆ దారిలోనే దీపం ఆరిపోయింది. అప్పటి నుంచి వారానికోసారి హైవే ఎక్కడం అలవాటు చేసుకున్నాను. అయినా ఊళ్లో తిరిగే కారు కోసం పనిగట్టుకొని డీజిల్ తగలబెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పెట్రోలు కారులో పొగను శుద్ధిచేసే కేటలిస్టుకూ వేడి కావాలి. కానీ దాన్ని ఇంజిన్ పక్కనే అమర్చి, స్టార్టు చేసిన తొలి క్షణాల్లో స్పార్కును కొంచెం ఆలస్యం చేసి, త్వరగా వేడెక్కించే ఏర్పాట్లు ఇంజనీర్లు చేశారు. నిజమైన అభివృద్ధి ఆ మొదటి రెండు నిమిషాల్లోనే ఉందని నా అభిప్రాయం. స్తోమత ఉంటే, ఇంజిన్‌తోపాటు బ్యాటరీ, విద్యుత్ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ పెట్రోలు కారు తీసుకోండి. సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ ఆగుతుంది, తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల్లో వృథా అయ్యే శక్తిలో కొంత బ్యాటరీకి చేరుతుంది. లేకపోతే మామూలు పెట్రోలు కారు చాలు. ఇప్పటికే డీజిల్ కారు కొని ఉంటే మాత్రం, దీపం వెలిగిన రోజున బండిని షెడ్డులో పెట్టేయకుండా, కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్టు హైవే మీద నడిపి, తిరిగొచ్చాక డిప్‌స్టిక్ ఒకసారి చూసుకోండి.