వారంలో తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉంటుందా?

చాలావాటిలో ఉంటుంది, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో గుంటూరు పట్నంబజారులోనో తయారీదారు పేరు లేని డబ్బా కనిపిస్తే అనుమానించాల్సిందే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవడానికి ఒక ఎంజైమ్ కావాలి, పాదరసం దాన్ని అడ్డుకుంటుంది. క్రీము రాయడం ఆపితే పాత రంగు తిరిగొస్తుంది. పాదరసం మాత్రం చర్మం గుండా రక్తంలోకి చేరి కిడ్నీల్లో పేరుకుంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు బయటపడింది: మూత్రంలో ప్రొటీన్ పోవడం, నురగ, కాళ్ల వాపు. 'హెర్బల్' అని రాసుంటే భయం లేదనుకుంటారు చాలామంది. ఆ మాట ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు; చూడాల్సింది లైసెన్స్ నంబరు, తయారీదారు చిరునామా.