ముందు అక్క దగ్గరికి వెళ్లి రండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. మహబూబ్‌నగర్‌లో ఉంటాం. చిన్నప్పుడే అమ్మ పోతే అక్కే పెంచింది. అక్కాబావలు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికి వలస వెళ్లి, మట్టిపని చేసి నన్ను బీఈడీ చదివించారు. రెండేళ్ల క్రితం బావ చనిపోయాడు. అక్క అచ్చంపేట దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటోంది. ఇల్లు ఇరుకని నిరుడు దసరాకు పిలవలేకపోయాం. నా సమస్య భార్యతో. రోజూ ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు, రీల్స్ పెడుతుంది. ఎన్ని లైకులు వచ్చాయో చూసుకుంటూ కూర్చుంటుంది. అక్క వాటి స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపుతుంటే తలెత్తుకోలేకపోతున్నాను. చెప్పి చెప్పి విసిగి, భార్య ఫోను తీసుకుని బీరువాలో పెట్టాను. వారం దాటింది, మా మధ్య మాటల్లేవు. ఈ సైట్లు మనుషుల్లో డాబు పెంచి కాలం వృథా చేయడం లేదా? ఆమె అకౌంట్లు మూసేయించడం ఎలా? నాలుగు స్క్రీన్‌షాట్లు జతచేస్తున్నాను.

జవాబు: పెంచుతాయి, వృథా చేస్తాయి. మనం తెరను ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు చూపించి డబ్బు చేసుకునే వ్యాపారం అది. 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టిన నాటి నుంచి మెప్పుకు ఒక అంకె వచ్చింది. అంకె కళ్లముందు ఉంటే లెక్క చూసుకోకుండా ఎవరూ ఉండలేరు. 2021లో ఆ అంకెను దాచుకునే వీలు కూడా ఇచ్చారు. ఎంతమంది దాచుకున్నారో మీ బంధువుల్లోనే చూసుకోండి. అయితే కొత్త చీర పదిమంది కంట పడాలన్న కోరిక ఫోను నేర్పింది కాదు. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం మీ ఊరి పెద్దచెరువు దగ్గర కాసేపు నిలబడండి. అదంతా డాబే అంటే మీ బీరువా చాలదు.

ఇంతటితో మీరడిగిన ప్రశ్న అయిపోయింది. అడగనిదే మిగిలింది.

ఆ నాలుగు స్క్రీన్‌షాట్లూ చూశాను. మీరు తలదించుకోవాల్సినది వాటిలో నాకేమీ కనిపించలేదు. నా చూపు నిలిచింది పైన మూలన ఉన్న గడియారం మీద. ఒకటి రాత్రి 11:52. ఒకటి 12:40. ఇంకొకటి 1:25. చివరిది తెల్లవారుజామున 4:30. కాలం వృథా గురించి అడిగారు కదా, ఈ రాత్రులు ఎవరి ఖాతాలో వేద్దాం? పల్లెలో ఒంటరిగా ఉన్న మనిషి, కంటికి కునుకు రాక, తమ్ముడి ఇంటి ఫొటోలు ఒక్కొక్కటే తిరగేస్తోంది. అవి మీకు వచ్చిన ప్రతిసారీ మీరు భార్య చీర చూశారు తప్ప అక్క మేలుకుని ఉందని చూడలేదు.

మొదటిది మరీ ముఖ్యం. బతుకమ్మ ఫొటో. తంగేడు, గునుగు, బంతి నిండుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ ఆడవాళ్లు. ఇల్లు ఇరుకని రాశారు. లెక్కపెట్టాను, మీ హాలులో ఏడుగురు పట్టారు.

తల్లి లేని ఆడబిడ్డకు తమ్ముడి ఇల్లే పుట్టిల్లు. అలాంటి ఇంటి నుంచి బతుకమ్మకు పిలుపు ఆగిపోయింది, అదీ బావ పోయాక. ఎందుకు పిలవలేదో మీకు తెలుసు, మీ అక్కకు తెలుసు, నాకూ అర్థమైంది. వద్దన్నది మీ భార్యో, మీ అత్తగారో, ఎవరూ అనకముందే తలొంచింది మీరో నాకు అనవసరం. భర్త పోయిన మనిషి పూలు పేర్చకూడదని ఎవరైనా అంటే, ఆ మాట ఈ ఇంట్లో చెల్లదని చెప్పాల్సింది మీరు. బొంబాయి ఎండలో ఆమె మోసిన తట్టల మీదే మీ ఉద్యోగం నిలబడింది. ‘నన్నెందుకు పిలవలేదు’ అని అడగడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చింది. అందుకని మరదలి చీరల గురించి అంటోంది.

అక్క చేస్తున్నది మంచి పని అని నేననను. అర్ధరాత్రి మరదలి ఫొటోలు పోగేసి తమ్ముడికి పంపడం కాపురంలో పుల్లలు పెట్టడమే. కానీ ఆ పుల్లలకు నిప్పంటిస్తున్నది మీరు. ఆమె పంపగానే భార్యను తిడతారు, దాంతో అక్కకు ఏదో తీర్చినట్టు మీకు తృప్తి. అక్క రుణం మీది. దాన్ని భార్య పరువుతో చెల్లించడం ఏం న్యాయం? మీ ఉత్తరంలో అక్క మీకు చేసినవన్నీ ఉన్నాయి. మీరు ఆమెకు చేసింది ఒక్క వాక్యం కూడా లేదు.

ఫోను ఈ రాత్రే తిరిగి ఇచ్చేయండి. తాళి కట్టినంత మాత్రాన భార్య చేతిలోని ఫోను లాక్కునే హక్కు రాదు, ఈ విషయంలో నాతో వాదించకండి. ఇన్ని రోజులుగా ఆమె తన తల్లితో ఎలా మాట్లాడుతోందో అడిగారా? తప్పు చేశానని చెప్పండి. లైకుల మీద ఆమెకు మోజు కొంత ఎక్కువే కావచ్చు. దాని గురించి మాటలు మొదలయ్యాక, తీరుబడిగా, మీ ఇద్దరే మాట్లాడుకోవాలి. మీరు ఫోను చూసే గంటలు కూడా ఆ లెక్కలోకి రావాలి. ఆమె అకౌంట్లు ఆమెవి, మూసేయించే పద్ధతి నేను చెప్పను.

ఆ తర్వాత వచ్చే సెలవు రోజున అచ్చంపేట వెళ్లండి. ఒక్కరే వెళ్లండి. భార్యను వెంటబెట్టుకెళ్లి అక్కకు సంజాయిషీ చెప్పించకండి. ఒక రాత్రి అక్కడే ఉండండి. ఎన్నాళ్లుగా నిద్ర పట్టడం లేదో అడిగి డాక్టరుకు చూపించండి. దిగులు లోతుగా ఉందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేయండి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. బయలుదేరే ముందు, ‘ఇక నాకు ఫొటోలు పంపకు అక్కా, మా ఇద్దరికీ మంచిది కాదు’ అని ఒక్కసారి చెప్పండి. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాకపోవచ్చు.

పండుగకు పిలిచే సంగతి ముందు మీ భార్యతో మాట్లాడండి. ఆ ఇల్లు ఆమెది కూడా, వంట చేసేదీ ఆమే. ఆమెకు బెరుకుంటే విని, కారణం తెలుసుకుని ఒప్పించండి, ఆజ్ఞ వేయకండి. అక్కను పిలిచేటప్పుడు మాత్రం ‘వీలైతే రా’ అనకండి. ఎంగిలిపూల నాటికే రావాలని, తొమ్మిది రోజులూ ఉండాలని చెప్పండి. కల్వకుర్తి మీదుగా వచ్చే బస్సు ఎక్కించమని ఊళ్లో ఎవరికైనా అప్పగించి, మీరు జడ్చర్లకు ఎదురెళ్లి తీసుకురండి.