జుకినీ, స్క్వాష్ పిందెలు కొన నుంచి కుళ్ళిపోతుంటే

గుమ్మడి జాతికి చెందిన జుకినీ, స్క్వాష్ పాదుల్లో పిందెలు వేలెడు పొడవు కాగానే పువ్వు వైపు కొన పసుపు తిరిగి, మెత్తబడి కుళ్ళిపోతున్నాయని రాశారు. కాల్షియం వేయాలా, తెగులు మందు చల్లాలా అని అడిగారు. దయచేసి ఇప్పుడే ఏదీ కొనకండి. పాడైన పిందెను ఒకటి కోసి, వేలితో నొక్కి, పరీక్షగా చూడండి. చాలా కాలంగా పెరట్లో ఈ పాదులు పెంచుతున్నాను. కొన కుళ్ళు అని అందరూ ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు సమస్యలని, ఒకదాని చికిత్స మరొకదానికి పనికిరాదని నాకు అనుభవం మీద తెలిసింది.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీది అసలు తెగులే కాకపోవచ్చు. పరాగ సంపర్కం జరగని, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందని పిందె ఇలాగే పోతుంది. కొంత ఎదిగి ఆగిపోతుంది, కొన వైపు నుంచి పసుపు రంగుకు మారి ముడుచుకుంటుంది, ఆ తర్వాతే బూజు చేరుతుంది. మనకు బూజు కంటపడుతుంది కాబట్టి దాన్నే దోషిగా అనుకుంటాం. పుప్పొడి కొద్దిగా మాత్రమే అందితే కాయ తొడిమ దగ్గర లావుగా, కొన దగ్గర సన్నగా తయారై, ఆ సన్నని భాగమే ముందు కుళ్ళుతుంది.

ఆడపువ్వు ఒక్క ఉదయమే విచ్చుకుని ఉంటుంది, మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. ఆ కొద్ది గంటల్లో తేనెటీగలు ఒకసారి కాదు, పలుమార్లు రావాలి. ఎడతెరిపి లేని వాన పడినా, పాదు మీద వల కప్పి ఉన్నా, చుట్టుపక్కల పురుగుమందులు చల్లినా అవి రావు. అలాంటప్పుడు ఆ పని నేనే చేస్తాను. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే అది ఆడది, సన్నని కాడ మాత్రమే ఉంటే మగది. పొద్దున్నే, వేడెక్కకముందే, అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి రేకులు తుంచేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు లోపల పుప్పొడిని అందుకునే భాగమైన కీలాగ్రం మీద నలువైపులా సున్నితంగా అద్దాలి. ఒక పక్కనే అంటితే కాయ వంకరపోవచ్చు. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. సంపర్కం కుదిరిందా లేదా అన్నది కొద్ది రోజుల్లోనే పిందె చెప్పేస్తుంది: నిగనిగలాడుతూ ఊరుతుంది. మీ పాదుకు మగపువ్వులు లేకపోతే పక్కనున్న మరో జుకినీ మొక్క పువ్వు వాడవచ్చు. ఆ పుప్పొడి వల్ల ఈ కాయ రుచి మారదు, మారితే దాని గింజల నుంచి పుట్టే మొక్కల్లోనే. తేనెటీగలు రాలేని చోట పెంచేవారు, పుప్పొడి అందకపోయినా కాయ కట్టే పార్తెనాన్ లాంటి రకాలు వేసుకోవడం మేలు.

ఇక కాల్షియం సంగతి. చక్కగా ఎదుగుతున్న కాయ కొనలో గోధుమ రంగు లేదా నల్లని మచ్చ, తోలులా పొడిగా, లోపలికి అణగి కనిపిస్తే అది కాల్షియం అందని లక్షణం. అయితే నేలలో కాల్షియం లేదని దాని అర్థం కాదు. కాల్షియం నీటితో పాటే పైకి ప్రయాణిస్తుంది. నేల ఎండి, మళ్ళీ ఒక్కసారిగా తడిసినప్పుడు ఉన్న కాస్తా ఆకులకే పోయి కాయకు అందదు. నత్రజని ఎరువు ఎక్కువైనా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆకులు విపరీతంగా పెరిగి నీటిని లాగేసుకుంటాయి. గుడ్డు పెంకుల పొడి చల్లమని చాలామంది చెబుతారు. అది నేలలో కరగడానికి చాలా కాలం పడుతుంది, ఈ పంటకు అందదు. ఆకుల మీద చల్లిన కాల్షియం ఆకుల్లోనే ఉండిపోతుంది, కాయకు చేరదు. నాకు పనికొచ్చింది నీటి క్రమం ఒక్కటే: రోజూ పైపైన చిలకరించడం మాని, వేళ్ళ దాకా దిగేలా పోసి, మొదళ్ళ చుట్టూ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరచడం. కుండీల్లో పెంచేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

మూడోది నిజమైన తెగులు. కాయ నీరు కారుతూ మెత్తబడి, దాని మీద సన్నని తెల్లని పోగులు, వాటి చివర గుండుసూది తలల్లాంటి నల్లని చుక్కలు కనిపిస్తే అది కొయనెఫోరా అనే శిలీంధ్రం. వెచ్చని తడి వాతావరణంలో, వాడిన పువ్వులో మొదలై కాయలోకి దిగుతుంది. పూత రోజూ కొత్తగా విచ్చుకుంటుంది కాబట్టి మందు చల్లి దీన్ని ఆపడం కష్టం. పిందె కట్టిన కొన్ని రోజులకు, తడి లేని వేళ చూసి, కొనకు అంటుకున్న వాడిన పువ్వును మెల్లగా తీసేయండి. నీళ్ళు పై నుంచి కాక మొదట్లోనే పోయండి. గాలి ఆడేలా అడుగున పండిన ఆకులు కోసేయండి. తడి నేలకు ఆనుకునే కాయల కింద పెంకు ముక్కో చెక్కో పెట్టండి.

ఏ రకం కుళ్ళయినా పాడైన పిందెను తీగ మీద ఉంచకండి, ఉంచితే బూజు పక్క పూలకు పాకుతుంది. నీటి క్రమం తప్పడం వల్ల మచ్చ పడిన కాయ మిగతా భాగం గట్టిగా ఉంటే, ఆ కొన కోసేసి నిశ్చింతగా వండుకోవచ్చు. జారుడుగా, వాసన వచ్చేలా మారితే మాత్రం పారేయండి.

రేపు పొద్దున పూలు విచ్చిన వేళ పాదు దగ్గరకు వెళ్ళి, మగపువ్వులు ఉన్నాయా, తేనెటీగలు వస్తున్నాయా అన్నవి చూసి రాయండి. కుళ్ళిన పిందె ఫొటో కూడా పెడితే ఈ మూడింటిలో ఏదో ఇంకా కచ్చితంగా చెప్పగలను.